పేరు ఇస్తే అడ్రసు చూపే టూలుకి మాన్యువల్: ఆప్షన్ల కంటే ముందు రాయాల్సినవి

మీరు అడిగింది ఇదండి. భీమవరం నుంచి నరసాపురం దాకా మేత దుకాణాలకీ, ఐసు ఫ్యాక్టరీలకీ, రొయ్యల కొనుగోలు పాయింట్లకీ నెట్‌వర్కు చూసే కుర్రాళ్ళ కోసం సీ భాషలో చిన్న టూలు రాశారు. పేరు ఇస్తే, పేరుని అడ్రసుగా మార్చే గెట్‌అడ్రిన్‌ఫో అనే సిస్టమ్ లైబ్రరీ ఫంక్షన్ని పిలిచి, వచ్చిన ఐపీ అడ్రసులు చూపిస్తుంది. ఆప్షన్లన్నీ వరసగా వివరిస్తూ మాన్యువల్ కూడా ఇచ్చారు. అయినా "డిగ్‌లో వస్తోంది, మన టూల్లో రావట్లేదు, ఏది నమ్మాలి?" అని ఫోన్లు ఆగట్లేదు. (డిగ్ అంటే డీఎన్‌ఎస్‌ని, అంటే పేర్లకి అడ్రసులు చెప్పే సర్వర్లని, నేరుగా అడిగే ఆదేశం.) మాన్యువల్లో ఏం తక్కువైంది అని మీ ప్రశ్న.

తక్కువైంది ఆప్షన్ కాదు. మీ టూలు ఎవరిని, ఏ దారిన అడుగుతుందో ఆ మాన్యువల్లో ఒక్క వాక్యం కూడా లేదు. దారి తెలియని మనిషికి జవాబు చేతిలో ఉన్నా ఉపయోగపడదు.

శివారు చేనుకి నీళ్ళు ఎక్కలేదనుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి పశ్చిమ డెల్టా కాలువకి ఎంత వదిలారో చూసి "నీళ్ళున్నాయి కదా" అంటే మొగల్తూరు రైతు ఒప్పుకోడు. కాలువలో నీళ్ళుండటం వేరు, తూము లేపడం వేరు, బోదె పూడిపోకుండా చేలోకి పారడం వేరు. డిగ్ కాలువలో మట్టం చూస్తుంది. మీ టూలు చేలో నిలబడి చూస్తుంది. రెండూ చెప్పేది నిజమే, కానీ చూసిన చోటు ఒకటి కాదు. కాబట్టి వివరణ భాగంలో మొట్టమొదటి పేరా ఇలా ఉండాలి:

"ఈ టూలు డీఎన్‌ఎస్ సర్వర్ని నేరుగా అడగదు. ఈ మెషీన్లోని మామూలు ప్రోగ్రాములు సిస్టమ్ లైబ్రరీని ఎలా అడుగుతాయో అలాగే అడుగుతుంది. మెషీన్లోని హోస్ట్స్ ఫైల్లో చేత్తో రాసి ఉన్నది, లోకల్ నెట్‌వర్కులో దొరికింది, డీఎన్‌ఎస్ ఇచ్చింది, ఏదైనా జవాబు కావచ్చు. డిగ్ జవాబుతో తేడా వస్తే తప్పు టూలుది అనుకోవద్దు. తేడా ఎక్కడ మొదలైందో వెతకండి."

దీని కిందే ఇంకో వాక్యం చేర్చండి. కొన్ని బ్రౌజర్లలో సెక్యూర్ డీఎన్‌ఎస్ ఆన్ చేసి ఉంటే అవి సిస్టమ్ లైబ్రరీని పక్కనపెట్టి సొంతంగా అడుగుతాయి. అప్పుడు బ్రౌజర్లో సైటు తెరుచుకుంటుంది, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం సర్వర్ని పట్టుకోలేదు. ఈ ముక్క కాయితం మీద లేకపోతే "నెట్ బాగానే ఉంది సార్" అనే మాట దగ్గరే సగం రోజు పోతుంది.

ఇక దారి గురించి. ఇది మాన్యువల్లో పెద్ద భాగం కావాలి, మొహమాటం లేకుండా రెండు పేజీలు ఇవ్వండి. ఫైళ్ళ పేర్లు, ఆదేశాలు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, టెర్మినల్లో మామూలుగా ఇంగ్లీషులోనే కొట్టాలి. లినక్స్‌లో గ్లిబ్‌సీ, అంటే మామూలు ప్రోగ్రాములు వాడే సిస్టమ్ లైబ్రరీ, ముందు ఈటీసీ డైరెక్టరీలోని ఎన్‌ఎస్‌స్విచ్ డాట్ కాన్ఫ్ తెరిచి, హోస్ట్స్ అనే వరస చూస్తుంది. అందులో "ఫైల్స్" ముందుంటే హోస్ట్స్ ఫైలే మొదట. పాత సర్వర్ అడ్రసు ఎప్పుడో ఎవరో అందులో రాసి మర్చిపోతే, డీఎన్‌ఎస్‌లో ఎన్ని మార్పులు చేసినా ఆ మెషీను పాత అడ్రసుకే పోతుంది. డిగ్ ఆ ఫైలు జోలికే పోదు కాబట్టి కొత్త అడ్రసు చూపిస్తుంది. మీ కుర్రాళ్ళ ఫోన్లలో చాలావాటికి కారణం ఇదే అయి ఉంటుంది.

రెండో కారణం కాస్త లోతుగా ఉంటుంది. ఉబుంటు, డెబియన్ డెస్క్‌టాపుల్లో ఆ వరసలో "ఎండీఎన్‌ఎస్4 మినిమల్" అనే మాట, దాని పక్కనే బ్రాకెట్లలో "నాట్‌ఫౌండ్ ఈక్వల్స్ రిటర్న్" కనిపిస్తాయి. అర్థం ఏంటంటే, డాట్ లోకల్‌తో ముగిసే పేరు అడిగితే పక్క మెషీన్లన్నిటినీ ఒకేసారి (మల్టీకాస్ట్‌లో) అడుగుతుంది. ఎవరూ పలకకపోతే అక్కడే ఆగిపోతుంది, డీఎన్‌ఎస్ దాకా పోదు. ఆఫీసు సర్వర్‌కి "బిల్లింగ్ డాట్ లోకల్" అని పేరు పెట్టి దాన్ని డీఎన్‌ఎస్‌లో ఎక్కించారనుకోండి. డిగ్ అడ్రసు ఇస్తుంది. మీ టూలు పేరే లేదనవచ్చు. నీళ్ళు కాలువలో ఉన్నాయి, తూము దించి ఉంది. బాగుచేయాలంటే ఎన్‌ఎస్‌స్విచ్ మార్చేకన్నా ఆ సర్వర్ పేరు మార్చడం మేలు. డాట్ లోకల్‌ని ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 6762 మల్టీకాస్ట్‌కే కేటాయించింది.

తరవాత రిజాల్వ్ డాట్ కాన్ఫ్, అంటే ఏ డీఎన్‌ఎస్ సర్వర్లని (నేమ్‌సర్వర్లని) అడగాలో రాసే ఫైలు. ఇందులో రాయాల్సిన అంకెలు ఇవి: గ్లిబ్‌సీ 3 నేమ్‌సర్వర్ల దాకానే చదువుతుంది, నాలుగోది రాసినా పట్టించుకోదు. ఒక్కో ప్రశ్నకి 5 సెకన్లు ఆగుతుంది, 2 సార్లు ప్రయత్నిస్తుంది. ఎన్‌డాట్స్ విలువ 1, అంటే పేరులో ఒక్క చుక్క కూడా లేకపోతే ముందు సెర్చ్ డొమైన్ (అదే ఫైల్లో రాసిన డొమైన్ పేరు) తగిలించి అడుగుతుంది. డిగ్ మామూలుగా సెర్చ్ డొమైన్ తగిలించదు, ప్లస్ సెర్చ్ అని చెబితేనే తగిలిస్తుంది. ఎన్‌ఎస్‌లుకప్ అనే ఇంకో ఆదేశం మాత్రం తగిలిస్తుంది. ఒకే పొట్టి పేరుకి మూడు టూళ్ళు మూడు రకాలుగా మాట్లాడటానికి ఇదే మూలం. పేరు చివర చుక్క పెట్టి అడగమని చెప్పండి. చివర చుక్క ఉంటే లైబ్రరీ ఏమీ తగిలించకుండా ఉన్నది ఉన్నట్టే అడుగుతుంది. ఆ ఒక్క చుక్కతో సందేహం సగం తేలిపోతుంది.

ఫైల్లో 127.0.0.53 అని ఒక్కటే కనిపిస్తే కంగారు పడొద్దని కూడా రాయండి. అది సిస్టమ్‌డీ రిజాల్వ్‌డ్, మెషీన్లోనే కూర్చున్న మధ్యవర్తి. అసలు సర్వర్లెవరో చూడాలంటే రిజాల్వ్‌సీటీఎల్ స్టేటస్ కొట్టాలి.

పేరుని ఏ రూపంలో ఇస్తారన్నది చిన్న విషయంలా ఉంటుంది గానీ సీసీ కెమెరాల దగ్గర కొంప ముంచుతుంది. రిజిస్టరులో వరస కుదరాలని 192.168.001.010 అని సున్నాలు పెట్టి రాసుకుంటారు. గెట్‌అడ్రిన్‌ఫో ముందు సున్నా చూడగానే దాన్ని అష్టాంశ సంఖ్యగా, అంటే ఎనిమిది మూలంగా లెక్కిస్తుంది. 010 అంటే 8. మీ టూలు 192.168.1.8 అని చూపిస్తుంది, అది వేరే కెమెరా. 008 అని రాస్తే ఇంకా వింత: అష్టాంశంలో 8 అనే అంకె లేదు కాబట్టి అది అడ్రసు కాదనుకుని, పేరుగా భావించి డీఎన్‌ఎస్‌ని అడుగుతుంది, చివరికి పేరు లేదంటుంది. 127.1 అని ఇస్తే 127.0.0.1 అనుకుంటుంది. ఈ మూడూ మాన్యువల్లో ఉదాహరణలుగా ఉండాలి, ఎందుకంటే వివరణ ఎంత రాసినా కళ్ళతో చూస్తేగానీ నమ్మబుద్ధి కాదు.

తెలుగు డొమైన్ పేర్ల సంగతి మన వాళ్ళకే ప్రత్యేకం కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. డాట్ భారత్ అనే చివరి భాగం తెలుగు లిపిలో కూడా ఉంది. తెలుగు అక్షరాలతో పేరు ఇస్తే మీ టూలు పనిచేయాలంటే కోడ్‌లో రెండు పనులు జరగాలి: ఏఐ ఐడీఎన్ అనే ఫ్లాగు పెట్టాలి, అంతకు ముందే సెట్‌లొకేల్ పిలవాలి. ఫ్లాగు లేకపోతే తెలుగు బైట్లు అలాగే ప్రశ్నలోకి వెళ్ళి పేరు లేదని వస్తుంది. సెట్‌లొకేల్ మరిస్తే పేరు సరిగ్గా ఎన్‌కోడ్ కాలేదన్న తప్పు వస్తుంది. గ్లిబ్‌సీ 2.28 నుంచి ఈ పనికి లిబ్‌ఐడీఎన్2 అనే వేరే లైబ్రరీ మెషీన్లో ఉండాలి. కనీసపు ఇన్‌స్టలేషన్ చేసిన సర్వర్లలో అది ఉండకపోవచ్చు. అందుకే "కావలసినవి" అనే చోట దాని పేరు రాయండి.

ఇంతకన్నా తంటా తెచ్చేది కంటికి కనపడని అక్షరం. "భారత్‌లో" అన్న మాటలో త పొల్లుకీ లో కీ మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్ ఉంటుంది, లేకపోతే రెండూ కలిసి ఒత్తు పడిపోతుంది. ఆ మాట కాపీ చేసి "లో" తీసేస్తే మిగిలిన "భారత్" చివర ఆ కనపడని అక్షరం అలాగే ఉండిపోతుంది. తెర మీద రెండు భారత్‌లూ అచ్చుగుద్దినట్టు ఒకటే. 2003 నాటి ఐడీఎన్‌ఏ (ఇంగ్లీషు కాని లిపుల డొమైన్ పేర్ల) నియమం ప్రకారం ఆ అక్షరం రాలిపోతుంది. 2008 నియమం ప్రకారం పొల్లు తరవాత వస్తే చెల్లుతుంది, అంటే పేరే మారిపోతుంది. ఒక ప్రోగ్రాములో తెరుచుకుని ఇంకోదాంట్లో లేదనడం ఇందుకే. మీ టూల్లో ఒక చిన్న సాయం పెట్టండి: అడిగిన పేరుని డీఎన్‌ఎస్‌కి పంపే మార్చిన రూపంలో కూడా మొదటి వరసలో చూపించండి. రెండు మెషీన్లలో ఆ వరసలు పోల్చుకుంటే గుట్టు బయటపడుతుంది.

వచ్చిన జవాబు గురించి. సాకెట్ రకం (కనెక్షన్ తీరు) చెప్పకుండా పిలిస్తే ఒక్కో అడ్రసూ మూడేసి సార్లు వస్తుంది: స్ట్రీమ్‌కి ఒకటి, డేటాగ్రామ్‌కి ఒకటి, రా సాకెట్‌కి ఒకటి. లినక్స్‌లో ఉండే గెట్‌ఎంట్ ఏహోస్ట్స్ ఆదేశం కూడా ఇలాగే మూడు వరసలు చూపిస్తుంది. చూసినవాళ్ళు సర్వర్లు మూడున్నాయనుకుంటారు. టూల్లోనే స్ట్రీమ్ అని స్థిరం చేసెయ్యండి, ఏం చేశారో మాన్యువల్లో చెప్పండి. అడ్రసుల వరస కూడా యాదృచ్ఛికం కాదు. ఆర్ఎఫ్‌సీ 6724 చెప్పిన నియమాల ప్రకారం, ఈ మెషీను నుంచి ఏది బాగా చేరుతుందో అది ముందు వస్తుంది. ఆ వరస గై డాట్ కాన్ఫ్ ఫైలుతో మార్చుకోవచ్చు. డిగ్ చూపే వరసతో పోల్చి తప్పు పట్టకూడదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గెట్‌అడ్రిన్‌ఫోకి ఏం కావాలో చెప్పే హింట్స్ చోట నల్ (ఖాళీ) ఇస్తే గ్లిబ్‌సీ తనంతట తానే అడ్ర్‌కాన్ఫిగ్ ఫ్లాగు పెట్టుకుంటుంది, అంటే మెషీనుకి ఐపీవీ6 (కొత్త తరహా పొడుగు అడ్రసు) లేకపోతే ఆ అడ్రసులు చూపించదు. హింట్స్ నింపి ఫ్లాగుల దగ్గర సున్నా వదిలేస్తే అన్నీ చూపిస్తుంది. మీ టూలు ఏ దారి పట్టిందో రాయకపోతే "ఆ ఊళ్ళో ఐపీవీ6 అడ్రసు వస్తోంది, ఈ ఊళ్ళో రావట్లేదు" అనే ప్రశ్నకి జవాబుండదు.

సమయం తప్పకుండా చూపించండి, మిల్లీసెకన్లలో. ఆ అంకెని చదవడం ఎలాగో నేర్పించే పేరా మాన్యువల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చదువుతారు. 30, 40 మిల్లీసెకన్లు వస్తే మామూలే. రెండోసారి అడిగితే ఒకటో రెండో మిల్లీసెకన్లకి పడితే మధ్యలో ఎవరో గుర్తుపెట్టుకున్నారు. గ్లిబ్‌సీ సొంతంగా గుర్తుపెట్టుకోదు, రిజాల్వ్‌డ్ గానీ రౌటరు గానీ పెట్టుకుంటుంది. 10 సెకన్లు దాటి తప్పు వస్తే, ఒక్క నేమ్‌సర్వరే ఉండి అది పలకట్లేదని: 5 సెకన్లు రెండుసార్లు.

అడ్రసు సరిగ్గా వచ్చి, సమయం మాత్రం 5 సెకన్ల మీద కొంచెం పడితే? ఇది విడిగా రాయండి. ఐపీవీ4 మాత్రమే అడిగే -4 ఆప్షన్ గానీ, ఐపీవీ6 మాత్రమే అడిగే -6 గానీ ఇవ్వనప్పుడు గ్లిబ్‌సీ ఐపీవీ4 ప్రశ్న, ఐపీవీ6 ప్రశ్న రెండూ ఒకే సాకెట్ నుంచి వెంటవెంటనే పంపుతుంది. కొన్ని రౌటర్లు ఒకే పోర్టు నుంచి వచ్చిన జంట ప్రశ్నల్లో ఒకదానికే జవాబు తిరిగి పంపి రెండోది పారేస్తాయి. లైబ్రరీ రెండో జవాబు కోసం 5 సెకన్లు చూసి మళ్ళీ అడుగుతుంది. పరీక్ష సులువు: -4 పెట్టి అడిగితే చిటికెలో వచ్చి, ఏమీ పెట్టకుండా అడిగితే ప్రతిసారీ 5 సెకన్లు దాటితే రౌటరే కారణం. రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌లో ఆప్షన్స్ వరసలో సింగిల్ రిక్వెస్ట్ రీఓపెన్ అని చేర్చితే పోతుంది. ఆ ఫైలుని నెట్‌వర్క్ మేనేజర్ తిరగరాసే మెషీన్లలో చేత్తో చేర్చింది రీస్టార్టుతో పోతుంది కాబట్టి దాని సెట్టింగుల్లోనే పెట్టాలి. 127.0.0.53 ఉన్న మెషీన్లో ఈ మందు పనిచేయదు, అక్కడ రౌటరుతో మాట్లాడేది రిజాల్వ్‌డ్.

తప్పుల భాగానికి వద్దాం. లైబ్రరీ ఇచ్చే తప్పు సంఖ్యని అలాగే ఎగ్జిట్ కోడ్‌గా (టూలు ముగిసేటప్పుడు షెల్‌కి ఇచ్చే అంకెగా) పంపుతున్నారేమో చూసుకోండి. లినక్స్‌లో పేరు లేదన్న తప్పు విలువ -2, తాత్కాలిక వైఫల్యం -3. ఎగ్జిట్ కోడ్ 8 బిట్లే కాబట్టి షెల్‌లో 254, 253 అని కనిపిస్తాయి. మ్యాక్‌లో అవే తప్పులకి 8, 2. సంఖ్యలు మాన్యువల్లో రాస్తే ఇంకో మెషీన్లో అబద్ధమవుతాయి. టూలుకి సొంత కోడ్లు పెట్టండి: అడ్రసు దొరికితే 0, ఆదేశం తప్పుగా కొడితే 1, పేరు లేకపోతే 2, తాత్కాలికమైతే 3, మిగతావన్నీ 4. గెట్‌ఎంట్ కూడా దొరకనప్పుడు 2 ఇస్తుంది గానీ, పేరు లేకపోవడాన్నీ సర్వర్ పలకకపోవడాన్నీ వేరు చేయదు. మీ టూలు అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే. అందుకే 2కీ 3కీ తేడాని పెద్ద అక్షరాల్లో రాయాలి. నా పాఠం ఇలా ఉంటుంది:

"2 వస్తే: అడిగిన చోట నుంచి స్పష్టమైన జవాబు వచ్చింది, ఆ పేరు లేదని. వైర్లు, రౌటరు జోలికి వెళ్ళకండి. స్పెల్లింగ్, చివరి చుక్క, సెర్చ్ డొమైన్, డాట్ లోకల్ చూడండి. 3 వస్తే: జవాబే రాలేదు, లేదా సర్వర్ తన వల్ల కాలేదంది. పేరు సరైనదో కాదో ఇంకా తెలియదు. ముందు రౌటరుకి పింగ్ కొట్టండి, తరవాత నేమ్‌సర్వర్‌కి, ఆ తరవాతే పేరు సంగతి."

-6 పెట్టినప్పుడు ఇంకో రకం వస్తుంది: పేరుంది గానీ దానికి ఆ కుటుంబంలో అడ్రసు లేదు. దాన్ని కూడా 2 కిందే వేసినా, తెర మీద మాట వేరుగా ఉండనివ్వండి. ఈఏఐ సిస్టమ్ అనే తప్పు వస్తే అసలు కారణం ఎర్ర్‌నో అనే వేరియబుల్లో ఉంటుంది, అదీ ముద్రించాలి.

తాత్కాలికం అన్న మాటని అక్షరాలా నమ్మొద్దని ఒక హెచ్చరిక కావాలి. జవాబు అసలైనదేనని చూపే డీఎన్‌ఎస్‌సెక్ సంతకం సరిపోకపోతే సర్వర్ సర్వ్‌ఫెయిల్ (నా వల్ల కాలేదు) అని పంపుతుంది, లైబ్రరీ దాన్నీ తాత్కాలికమే అంటుంది. సంతకాలకి గడువు తేదీలుంటాయి. సంతకాలు పరిశీలించే రిజాల్వర్ నడిచే మెషీన్లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయి వచ్చాక తేదీ ఏ పదేళ్ళో వెనక్కి పోతే, సంతకాలన్నీ చెల్లనివే అవుతాయి. సమయం సరిచేసుకుందామంటే టైమ్ సర్వర్ పేరుకే అడ్రసు దొరకదు. చెరువు గట్ల మీద షెడ్లలో కరెంటు ఊగిసలాడే చోట పెట్టే మెషీన్లకి ఇది ముందే రాసిపెట్టాలి: 3 వస్తూ ఉంటే డేట్ అని కొట్టి చూడండి, తప్పుంటే చేత్తో సరిచేసి బ్యాటరీ మార్చండి.

ఇలాంటిదే ఇంకోటి. కొత్త పేరు డీఎన్‌ఎస్‌లో ఎక్కించకముందే "వచ్చిందా" అని అడిగి చూస్తారు. లేదన్న జవాబుని కూడా మధ్య సర్వర్లు గుర్తుపెట్టుకుంటాయి, ఎంతసేపన్నది ఆ డొమైన్ ఎస్‌ఓఏ రికార్డులోని విలువని బట్టి. పేరు ఎక్కించాక కూడా కాసేపు 2 వస్తూనే ఉంటుంది. ఎక్కించాకే అడగండి.

చేయలేనివి చెప్పే భాగం చిన్నదే. అడ్రసు ఎంతసేపు చెల్లుతుందన్న టీటీఎల్ గెట్‌అడ్రిన్‌ఫో ఇవ్వదు. మెయిలు కోసం ఎంఎక్స్ రికార్డులు ఇవ్వదు. ఏ సర్వర్ జవాబిచ్చిందో చెప్పదు. వీటికి డిగ్ వాడమని రాసెయ్యండి.

ఏ లైబ్రరీ మీద కట్టారో టూలు వెర్షన్ వరసలోనే చూపించండి. ఆల్పైన్ లినక్స్‌లో ఉండే మజిల్ లైబ్రరీ ఎన్‌ఎస్‌స్విచ్ చదవదు, నేమ్‌సర్వర్లన్నిటినీ ఒకేసారి అడిగి ముందొచ్చిన జవాబు తీసుకుంటుంది. పైన రాసిన 5 సెకన్ల లెక్కలు, ఫైళ్ళ వరస అక్కడ వర్తించవు. ఒకే ఫైలుగా పంచుదామని గ్లిబ్‌సీతో స్టాటిక్‌గా (లైబ్రరీని టూల్లోనే కలిపి) కడితే, ఎన్‌ఎస్‌స్విచ్ మాడ్యూళ్ళ కోసం నడిచేటప్పుడు మళ్ళీ అదే వెర్షన్ షేర్డ్ లైబ్రరీలు కావాలి. లింకర్ హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరికని పట్టించుకోండి.

ఉదాహరణల్లో మీ కస్టమర్ల అసలు పేర్లు, అడ్రసులు పెట్టకండి. రాతపనికనే కేటాయించినవి ఉన్నాయి: 192.0.2.0, 198.51.100.0, 203.0.113.0 నెట్‌వర్కులు, ఎగ్జాంపుల్ డాట్ కామ్ పేరు. తప్పు ఎలా కనిపిస్తుందో చూపించడానికి డాట్ ఇన్వాలిడ్‌తో ముగిసే ఏదో ఒక పేరు వాడండి. అది ఎప్పటికీ ఉండదని ఆర్ఎఫ్‌సీ 2606, 1999లోనే ఖాయం చేసింది. దానికి 2 రావాలి. 0 వచ్చి ఏదైనా అడ్రసు చూపిస్తే, మధ్యలో ఎవరో లేని పేర్లకి సొంత అడ్రసు అంటగడుతున్నారని అర్థం. కొత్త కనెక్షన్ దగ్గర మొట్టమొదట కొట్టాల్సిన పరీక్షగా దీన్నే రాయండి.

చివరగా తెలుగులో రాయడం గురించి. మ్యాన్ పేజీని యూఎస్‌ఆర్, షేర్, మ్యాన్ కింద టీఈ అనే డైరెక్టరీలో, మ్యాన్1 లో పెడితే తెలుగు లొకేల్ ఉన్నవాళ్ళకి అదే తెరుచుకుంటుంది. కానీ చాలా టెర్మినళ్ళలో ఒత్తులు విడిపోతాయి, నిలువు వరసలు కుదరవు. గ్రాఫిక్స్ లేని కన్సోల్లో అయితే తెలుగు అసలు రాదు, ఆ ఫాంటులో పట్టేవి 512 ఆకారాలే. కాబట్టి టూలు ముద్రించే మాటలు ఇంగ్లీషులోనే ఉంచండి, తెలుగు మాన్యువల్లో ఆ ఇంగ్లీషు మాటని అక్షరం తేడా లేకుండా రాసి దాని కింద అర్థం చెప్పండి. నెట్ లేనప్పుడే ఈ మాన్యువల్ కావాలి కాబట్టి పీడీఎఫ్ ఫోన్లో ముందే దింపి ఉంచాలి. 2, 3 కోడ్ల పేజీ ఒక్కటి అచ్చు తీసి, లామినేషన్ చేయించి, రౌటరు పెట్టె మూత లోపలి వైపు అంటించండి. ఐసు ఫ్యాక్టరీ తేమకి మామూలు కాయితం నెల కూడా ఆగదు.